కొత్త స్లిప్పా? ఉమ్మడి రిజిస్టరా?

(జంషెడ్‌పూర్‌లో మన బ్యాంకు ఉద్యోగుల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను బ్యాంకు ఉద్యోగిని కాను, బ్యాంకు ఉద్యోగి భార్యని. మా వారికి ఎక్కడికి బదిలీ అయితే అక్కడికి గిన్నెలతో పాటు నా కంప్యూటరు కూడా సర్దుకుని వస్తాను. ఆన్‌లైన్ దుకాణాలు నడిపే ప్రోగ్రాములు రాయడం నా పని. "ఇంట్లో కూర్చుని రోజంతా ఆ పెట్టెలో ఏం చేస్తావమ్మా?" అని కదమాలో మా ఇంటి పక్క పిన్నిగారు చాలాసార్లు అడిగారు. ఈ సమావేశం ఏర్పాటు చేసిన పెద్దలు కూడా అదే అడిగారు. "నీ పనిలోంచి ఒక్క విషయం తీసుకుని అందరికీ అర్థమయ్యేలా చెప్పు" అన్నారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు, పైపైన చెబితే వాళ్లు ఊరుకోరు. అందుకని అసలైన విషయమే ఒకటి తీసుకున్నాను.

ఆన్‌లైన్ దుకాణపు ప్రోగ్రాములో ఒక సరుకునో, ఒక ఖాతాదారునో, ఒక ఆర్డరునో కంప్యూటరు జ్ఞాపకంలో తయారు చేసుకోవడానికి చాలా దారులున్నాయి. ఏ దారి ఎప్పుడు పట్టాలి అన్నదే ఈ రోజు నా విషయం. వినడానికి చిన్న విషయమే కానీ, దారి తప్పితే ఒక సరుకు ధర ఇంకో సరుకు మీద పడుతుంది. బ్యాంకు ఇంట్లో ఉన్నవాళ్లకి అంకె తప్పితే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మజెంటో అంటే ఏమిటి?

ఆన్‌లైన్ దుకాణం పెట్టే ప్రతివాళ్లూ సరుకుల పట్టిక, బుట్ట, బిల్లు, చెల్లింపు అన్నీ మొదటి నుంచీ రాసుకోరు. ముందే కట్టి ఉంచిన చట్రం ఒకటి తెచ్చుకుని, తమ దుకాణానికి తగ్గట్టు మార్చుకుంటారు. అలాంటి చట్రాల్లో పేరున్నది మజెంటో. అమెరికాలోని వేరియన్ అనే సంస్థ 2008లో దీని మొదటి రూపాన్ని విడుదల చేసింది. 2011లో ఈబే కొనుక్కుంది. 2015 నవంబరులో రెండో రూపం వచ్చింది. 2018లో అడోబీ సంస్థ 168 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది. మూల ప్రోగ్రాము ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మన దేశంలోనూ ఎందరో కుర్రవాళ్లు దీని మీద పని నేర్చుకుని ఉద్యోగాలు సంపాదించుకున్నారు.

అచ్చు, దిమ్మ

జంషెడ్‌పూర్‌లో ఉన్నాం కాబట్టి ఉక్కుతోనే మొదలుపెడతాను. ఇక్కడి కర్మాగారంలో మొదటి ఉక్కు దిమ్మ 1912లో తయారైంది. కరిగిన ఉక్కును అచ్చులో పోస్తే దిమ్మ వస్తుంది. అచ్చు ఒకటే, దిమ్మలు ఎన్నయినా పోసుకోవచ్చు. ప్రోగ్రాములో అచ్చుని క్లాస్ అంటాం, దాంట్లోంచి వచ్చిన దిమ్మని ఆబ్జెక్ట్ అంటాం. మజెంటోలో సరుకు, ఖాతాదారు, ఆర్డరు లాంటి వాటికి ఉన్న అచ్చులను మోడల్ అంటారు.

ఇక్కడి నుంచి మాత్రం ఉక్కుని వదిలి బ్యాంకులోకి వస్తాను. ఎందుకంటే మోడల్ వట్టి దిమ్మ కాదు, వివరాలు నింపుకునే కాగితం. మన పే-ఇన్ స్లిప్పులాగా. పేరు, ఖాతా నంబరు, మొత్తం అని గడులుంటాయి. కౌంటరు దగ్గర తీసుకున్నప్పుడు అది ఖాళీగానే ఉంటుంది. పిల్లలు ఇది గుర్తు పెట్టుకోవాలి. ఆబ్జెక్ట్ తయారు కావడం వేరు, దాంట్లోకి వివరాలు రావడం వేరు. వివరాలు రావాలంటే 'లోడ్' అని ఇంకో ఆజ్ఞ ఇచ్చి, ఫలానా నంబరు సరుకు తీసుకురా అని డేటాబేసుని అడగాలి.

మొదటి దారి: ప్రతిసారీ కొత్త స్లిప్పు

మజెంటో మొదటి రూపంలో 'గెట్ మోడల్' అనే ఆజ్ఞ ఉంది. ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు కొత్త ఆబ్జెక్ట్ ఇస్తుంది. కౌంటరు పక్క పెట్టెలోంచి ఒక్కో ఖాతాదారు ఒక్కో స్లిప్పు లాక్కున్నట్టు. నా స్లిప్పు మీద నేను రాసింది మీ స్లిప్పు మీద కనబడదు.

"దీనికి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞ ఎందుకు? ప్రోగ్రామింగ్ భాషలోనే 'న్యూ' అన్న మాట ఉంది కదా, అచ్చు పేరు రాసి నేరుగా దిమ్మ పోసుకోవచ్చు కదా?" అని కాలేజీ పిల్లలు అడుగుతారు. పోసుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చి, ఈ నెల నుంచి పాన్ నంబరు గడి ఉన్న కొత్త స్లిప్పు వాడాలి అన్నారనుకోండి. స్టేషనరీ గదిలో "పే-ఇన్ స్లిప్పు ఇవ్వండి" అని అడిగినవాళ్లకి కొత్తదే వస్తుంది. బయట జిరాక్సు కొట్లో పాత స్లిప్పు కాపీలు తీయించుకున్నవాళ్ల దగ్గర పాతదే ఉండిపోతుంది. 'గెట్ మోడల్' స్టేషనరీ గది లాంటిది. అచ్చు అసలు పేరు అడగదు, 'కేటలాగ్‌లోని ప్రొడక్ట్' అని వాడుక పేరు చెబితే చాలు. ఆ పేరుకి ఇప్పుడు ఏ అచ్చు చెల్లుబాటులో ఉందో సెట్టింగుల ఫైలు చూసి దాంట్లోంచే తీసి ఇస్తుంది. దుకాణదారు తన అవసరం కోసం సరుకు అచ్చుని మార్పించుకుని ఉంటే ఆ మార్పు అన్నిచోట్లా అమలవుతుంది. నేరుగా 'న్యూ' అని రాసిన చోట మాత్రం అమలు కాదు.

రెండో దారి: అందరికీ ఒకటే రిజిస్టరు

రెండో ఆజ్ఞ 'గెట్ సింగిల్టన్'. మొదటిసారి పిలిచినప్పుడు ఒక ఆబ్జెక్ట్ తయారు చేసి దాచిపెడుతుంది. తర్వాత ఎవరు పిలిచినా ఆ దాచినదాన్నే ఇస్తుంది. బ్రాంచిలో ఒకే రిజిస్టరు ఉంటుంది. మేనేజరు గారు తెరిచినా, అకౌంటెంటు గారు తెరిచినా అదే పుస్తకం. ఒకరు రాసింది రెండోవారికి కనబడుతుంది, కనబడాలి కూడా.

ఇది ఎక్కడ పనికొస్తుంది? ప్రస్తుతం లాగిన్ అయి ఉన్నది ఎవరు, ఆయన బుట్టలో ఏముంది అన్న వివరాలు ఉండే చోట. పేజీ పైభాగంలో "బుట్టలో 3 సరుకులు" అని చూపించే ముక్కా, కింద బిల్లు వేసే ముక్కా ఒకే బుట్టని చూడాలి. చెరో బుట్ట చూస్తే లెక్క కుదరదు.

"అందరికీ ఒకటే అంటే నా బుట్ట పక్కింటివాళ్లకి కనబడుతుందా?" అని భయపడకండి. మజెంటో రాసిన పీహెచ్‌పీ భాషలో మామూలుగా ఒక పేజీ అడిగితే ప్రోగ్రాము మొదలవుతుంది, పేజీ పంపగానే ముగుస్తుంది, జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. ఆ కాసేపట్లో ఆ ఒక్క పని చేసే ముక్కలన్నిటికీ ఉమ్మడి అని అర్థం. మీ పేజీ వేరు, పక్కింటివాళ్ల పేజీ వేరు.

అయితే ప్రమాదం ఎక్కడ? ఎక్కువసేపు నడిచే పనుల్లో. మన బ్యాంకులో రాత్రి డే ఎండ్ నడిచినట్టు, దుకాణాల్లోనూ వందల సరుకులని ఒక్క విడతలో ఎక్కించే పనులుంటాయి. ఆ పని ముగిసేదాకా జ్ఞాపకం తుడుచుకోదు.

నెయ్యి మీద ఆవకాయ ధర

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. సాక్చి బజారులో ఒక తెలుగు కుటుంబం పచ్చళ్లు, పిండివంటలు, నెయ్యి అమ్ముతోంది. మన బ్యాంకులోనే ముద్ర రుణం తీసుకుని ఆన్‌లైన్ దుకాణం కూడా తెరిచింది. మొత్తం 500 సరుకులు. అన్నీ ఒక పట్టికలో రాసి ప్రోగ్రాముకి ఇచ్చారు. మొదటి వరుస ఆవకాయ: ధర 400 రూపాయలు, పండుగ ప్రత్యేక ధర 320. రెండో వరుస కిలో నెయ్యి: ధర 650, ప్రత్యేక ధర గడి ఖాళీ.

ప్రోగ్రాము రాసినవాళ్లు ప్రతి వరుసకీ కొత్త స్లిప్పు తీసుకోకుండా ఉమ్మడి ఆబ్జెక్ట్ వాడారనుకోండి. మొదట ఆవకాయ వివరాలు రాసి భద్రం చేశారు. భద్రం చేయగానే ఆ ఆబ్జెక్ట్‌కి డేటాబేసు ఒక నంబరు ఇస్తుంది. తర్వాత అదే కాగితం మీద పేరు కొట్టేసి నెయ్యి అని రాసి భద్రం చేయమన్నారు. ఆవకాయ నంబరు ఇంకా దాని మీదే ఉంది. కంప్యూటరు ఏమనుకుంటుంది? "ఇది పాత సరుకే, వివరాలు మార్చారు" అనుకుని ఆవకాయ మీదే నెయ్యి రాసేస్తుంది. పని ముగిసేసరికి 500 సరుకుల బదులు ఒక్క సరుకే మిగులుతుంది, చివరి వరుసలోది.

ఈ తప్పు వెంటనే కనబడుతుంది కాబట్టి దీనితో పెద్ద భయం లేదు. అసలు భయం దీన్ని తొందరగా సర్దేసినప్పుడు వస్తుంది. "నంబరు మిగిలిపోతోంది కదా, ప్రతి వరుసకి ముందు నంబరు ఒక్కటీ చెరిపేద్దాం" అనుకుంటారు. చెరిపేస్తే 500 సరుకులూ వచ్చేస్తాయి. అందరూ సంతోషిస్తారు. కానీ ప్రోగ్రాములో "ప్రత్యేక ధర గడి ఖాళీగా లేకపోతే రాయి" అని మాత్రమే ఉంది. నెయ్యికి ఆ గడి ఖాళీ. కాబట్టి కొత్తగా ఏమీ రాయలేదు, ఆవకాయది చెరపనూ లేదు. 650 రూపాయల నెయ్యి 320కి అమ్మకానికి కూర్చుంది. ఇంకో ప్రత్యేక ధర ఉన్న వరుస వచ్చేదాకా ఆ తర్వాతి సరుకులన్నిటి మీదా అదే 320.

పండుగ రోజుల్లో నలభై సీసాలు అమ్ముడయ్యాయనుకోండి. సీసాకి 330 చొప్పున 13,200 రూపాయలు. చిన్న కొట్టుకి అది నెల వాయిదా సొమ్ము. స్క్రీను మీద ఎక్కడా ఎర్ర అక్షరాలు రాలేదు, ప్రోగ్రాము ఆగిపోలేదు. ఇచ్చిన ఆజ్ఞ ఇచ్చినట్టే చేసింది. పోయిన ఖాతాదారు వాడిన స్లిప్పు మీదే పేరు కొట్టేసి కొత్త ఖాతాదారు వివరాలు రాస్తే మన క్యాషియరు గారు తీసుకుంటారా? తిప్పి కొట్టి "కొత్తది రాసుకు రండి" అంటారు. మందు అదే. ప్రతి వరుసకీ కొత్త ఆబ్జెక్ట్.

మూడో దారి: ఒక్కొక్కటి కాకుండా కట్టగా

ప్రతిసారీ కొత్తది తీసుకోమన్నాను కదా అని ఇంకో పొరపాటు చేసేవాళ్లున్నారు. వెయ్యి సరుకుల ధరల జాబితా కావాలంటే వెయ్యి కొత్త ఆబ్జెక్టులు చేసి ఒక్కోదానికీ 'లోడ్' అంటారు. రికార్డు గదికి వెయ్యిసార్లు వెళ్లి ఒక్కో ఫైలు తెచ్చినట్టు. మజెంటోలో సరుకు వివరాలు ఒకే పట్టికలో ఉండవు. పేరు ఒకచోట, ధర ఒకచోట, తేదీలు ఇంకోచోట ఉంటాయి. అందువల్ల ఒక్కో లోడ్‌కీ డేటాబేసు చుట్టూ చాలా ప్రదక్షిణలు జరుగుతాయి. దుకాణం నత్తనడక నడుస్తుంది.

దీనికోసం 'కలెక్షన్' ఉంది. డేటాబేసుతో మాట్లాడే పని రిసోర్స్ మోడల్ అనే వేరే రకం ఆబ్జెక్టులది. కలెక్షన్ కూడా ఆ వైపు పని చేసేదే. "పచ్చళ్ల విభాగంలో ఉన్నవన్నీ, పేరూ ధరా మాత్రం చాలు" అని ఒక చీటీ రాసిస్తే ఫైళ్లన్నీ ఒక కట్టగా వస్తాయి. ఏయే గడులు కావాలో మనమే చెప్పాలి. చెప్పని గడి ఖాళీగా వస్తుంది. ఒక్క సరుకుతో పని ఉంటే లోడ్, చాలా సరుకులతో పని ఉంటే కలెక్షన్.

రెండో రూపంలో వచ్చిన పద్ధతి

మజెంటో రెండో రూపం ఈ వ్యవహారాన్ని చాలా మార్చింది. మొదటి రూపంలో ప్రోగ్రాములో ఏ ముక్కయినా, ఎప్పుడైనా, ఏదైనా అడిగి తెచ్చుకోవచ్చు. దీంతో ఫలానా ముక్క దేని మీద ఆధారపడిందో మొత్తం చదివితే తప్ప తెలియదు. ఇంటి ఇల్లాలు ఎప్పుడు పడితే అప్పుడు పక్కింటికి వెళ్లి చక్కెర, కాఫీ పొడి అడిగి తెచ్చుకుంటుంటే ఆ ఇంటి నెలసరి ఖర్చు ఎవరు లెక్కకట్టగలరు?

కొత్త పద్ధతి మన బ్రాంచిలో పొద్దున్నే జరిగేదే. కౌంటరు తెరవక ముందు స్ట్రాంగ్ రూము తెరుస్తారు, క్యాషియరుకి ఇవ్వాల్సిన నగదు లెక్కపెట్టి ఇస్తారు, సంతకాలవుతాయి. తర్వాతే పని మొదలు. ప్రోగ్రాములోనూ అంతే. ఒక ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడే దానికి కావలసినవన్నీ చేతికిస్తారు. దీన్ని డిపెండెన్సీ ఇంజెక్షన్ అంటారు. మొదటి పది వరుసలు చదివితే చాలు, ఏమేమి తీసుకుందో ఆడిటరుకి తెలిసిపోతుంది. ఇంకో లాభమూ ఉంది. పరీక్షించేటప్పుడు అసలు వస్తువు బదులు ఉత్తుత్తిది ఇవ్వవచ్చు. కొత్త క్యాషియరుకి నోట్ల బదులు తెల్లకాగితాల కట్ట ఇచ్చి లెక్కపెట్టడం నేర్పినట్టు.

ఇవన్నీ తయారు చేసి ఇచ్చేది ఆబ్జెక్ట్ మేనేజర్. దానికి రెండు చేతులున్నాయి. 'గెట్' అంటే ఉమ్మడిది ఇస్తుంది, 'క్రియేట్' అంటే కొత్తది ఇస్తుంది. పాత సింగిల్టనూ పాత గెట్ మోడలూ అన్నమాట. కానీ మన ప్రోగ్రాములోంచి నేరుగా దాన్ని పిలవవద్దని మజెంటో వాళ్లే చెబుతారు. క్యాషియరు మధ్యాహ్నం తనంతట తాను స్ట్రాంగ్ రూములోకి వెళ్లకూడదు కదా.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది, పిల్లలు జాగ్రత్తగా వినండి. పుట్టేటప్పుడు చేతికిచ్చే ఆబ్జెక్టులు మామూలుగా ఉమ్మడివి. కాబట్టి సరుకు మోడల్‌నే నేరుగా ఇమ్మని అడిగితే అందరూ రాసే ఒకే కాగితం వస్తుంది. మళ్లీ నెయ్యి మీద ఆవకాయ ధరే. అందుకని సరుకుని అడగరు, సరుకు ఫ్యాక్టరీని అడుగుతారు. ఈ ఊరివాళ్లకి ఫ్యాక్టరీ అంటే వివరించాలా? ఫ్యాక్టరీ ఒకటే ఉంటుంది, అది అందరికీ ఉమ్మడి. దాన్ని 'క్రియేట్' అన్నప్పుడల్లా కొత్త సరుకు బయటికొస్తుంది. ఆ ఫ్యాక్టరీ ప్రోగ్రాముని మనం రాయనక్కర్లేదు కూడా. పేరు చివర ఫ్యాక్టరీ అని చేర్చి అడిగితే మజెంటో తానే తయారు చేసుకుంటుంది.

ఉన్న సరుకు వివరాలు కావాలంటే రిపాజిటరీని అడగాలి. రికార్డు గది గుమాస్తా అనుకోండి. నంబరు చెబితే ఫైలు తెచ్చిస్తాడు, మార్చిన ఫైలు ఇస్తే భద్రం చేస్తాడు. లోపల బీరువాలు ఎలా సర్దారో మనకి అనవసరం. ఒకే పని మధ్యలో అదే నంబరు మళ్లీ అడిగితే మామూలుగా ఇందాక తెచ్చిన ఫైలే చేతిలో పెడతాడు. అందుకని భద్రం చేసే ఉద్దేశం లేకుండా ఆ ఫైలు మీద ఊరికే గీతలు పెట్టకూడదు.

ఒక్క నియమం

ఇన్ని పేర్లు చెప్పాను. గుర్తుంచుకోవడానికి నియమం ఒక్కటే. పని చేసేది ఉమ్మడిగా ఉండవచ్చు, వివరాలు మోసేది ఎవరిది వాళ్లకే ఉండాలి. నోట్లు లెక్కపెట్టే యంత్రం బ్రాంచికంతా ఒకటే చాలు, అది ఎవరి డబ్బునీ గుర్తుపెట్టుకోదు. స్లిప్పు, పాస్‌బుక్కు మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మజెంటో పత్రాల్లోనూ ఈ విభజనే ఉంది. సేవ చేసే ఆబ్జెక్టులను చేతికివ్వదగినవి అంటారు. సరుకు, ఖాతాదారు, ఆర్డరు లాంటివాటిని కొత్తగా పుట్టించవలసినవి అంటారు. బుట్ట సంగతి వేరుగా కనిపించినా నియమం అదే. అక్కడ పేజీ చూస్తున్న మనిషి ఒక్కరే, కాబట్టి కాగితమూ ఒక్కటే.

పిల్లలూ, మజెంటో రేపు ఉండవచ్చు, పోవచ్చు. వేరే భాషలో, వేరే చట్రంలో పని చేయవచ్చు. ఏ చట్రంలోనైనా ఒక ఆబ్జెక్ట్ చేతికి రాగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది కొత్తదా, ఇంకెవరైనా వాడుతున్నదా? ఖాళీగా ఉందా, వివరాలు నిండి ఉందా? నా పని అయ్యాక ఎంతసేపు బతుకుతుంది? ఇంటర్వ్యూల్లోనూ సింగిల్టన్ అంటే ఏమిటని అడుగుతుంటారు. నిర్వచనం అందరూ చెబుతారు. ఎక్కడ వాడకూడదో చెప్పినవాళ్ల మాట వేరుగా వినబడుతుంది.

రుణాలు చూసే ఉద్యోగులకి కూడా ఒక మాట. చిన్న వ్యాపారులు ఆన్‌లైన్ దుకాణం కోసం అప్పు అడిగినప్పుడు, దుకాణం ఏ రూపం మీద నడుస్తోందో కనుక్కోమని వాళ్లకి చెప్పండి. మజెంటో మొదటి రూపానికి 2020 జూన్ 30తో అధికారిక మద్దతు ముగిసింది, భద్రతా మరమ్మతులు ఆ సంస్థ నుంచి రావు. కార్డు నంబర్లు దొంగిలించే ముఠాలు అలాంటి పాత దుకాణాలనే వెతుక్కుంటాయి. అలాగే సరుకులన్నీ ఒక్కసారిగా ఎక్కించిన రోజున ఒక పది సరుకులు ఏరి, పట్టికలోని ధరా స్క్రీను మీద ధరా పక్కపక్కన పెట్టి చూసుకోమనండి. ముఖ్యంగా ప్రత్యేక ధర లేని సరుకులు. సాయంత్రం నగదు సరిచూసుకోకుండా మన క్యాషియరు ఇంటికి వస్తున్నారా? భోజనం వేళ దాటినా సరే, లెక్క కుదిరాకే వస్తున్నారు. అదే అలవాటు దుకాణదారుకీ మంచిది.

పక్కింటి పిన్నిగారు వెనక వరుసలోనే ఉన్నారు. రోజంతా ఆ పెట్టెలో నేను చేసేది ఇదే పిన్నిగారూ, ఎవరి కాగితం వాళ్లకి అందేలా చూడటం. పిల్లలకి ప్రశ్నలుంటే టిఫిన్లు తింటూ మాట్లాడుకుందాం.